పిడుగుకు గొడుగు

ఉరుము వినబడితే చాలు, మా ఆవిడ పెరట్లోకి పరుగెత్తి ఒడియాల చాప చుట్టుకుంటూ అర్జునుడి పది పేర్లూ చదవడం మొదలు పెడుతుంది. ఆరో పేరో ఏడో పేరో వచ్చేసరికి రెండో ఉరుము వినబడుతుంది. మళ్లీ మొదటికి. నేను మాత్రం వీధి అరుగు మీద కుర్చీలో కదలకుండా కూర్చుని, మెరుపుకూ ఉరుముకూ నడుమ ఎన్ని సెకండ్లు పట్టిందో లెక్క పెట్టుకుంటాను. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. ఒడియాలు లోపలికి చేర్చేది ఆవిడ, దూరం కొలిచేది నేను. “ముప్ఫై నాలుగేళ్లు కరెంటు ఉద్యోగం వెలగబెట్టి నేర్చుకున్నది ఇదేనా?” అంటుంది. ఇదొక్కటే కాదు గాని, ఇది నేర్చుకున్నందుకు వేరొకరు మూల్యం చెల్లించుకున్నారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అందుకే ఆ మాట అని ఊరుకుంటుంది, పొడిగించదు.

మొన్న వేసవి సెలవులకు మా మనవడు వచ్చాడు. ఇంజనీరింగు రెండో సంవత్సరం. సాయంత్రం నాలుగింటికి వాడి ఫోను కుయ్యిమంది. మీ మండలంలో పిడుగులు పడవచ్చు, చెట్ల కింద నిలబడవద్దు అని వార్త. ఇప్పుడు విపత్తుల సంస్థవారు ఇల్లాంటివి ముందుగానే పంపిస్తున్నారు. ‘దామిని’ అని పూనావారు తయారు చేసినది మరొకటి ఉందిట, మెరుపు ఎక్కడ మెరిసిందో పటం మీద చూపిస్తుందిట. అది చూస్తూ చూస్తూ వాడికొక సందేహం వచ్చింది.

“తాతయ్యా! ఎత్తుగా ఉన్నదాని మీద, ఇనుము మీద పిడుగు పడుతుందంటారు గదా. మరి సబ్‌స్టేషను అంటే ఆకాశం కింద ఆరుబయట నిలబెట్టిన ఇనుప అడివి. దాని మీద పడదా?”

“పడుతుందిరా,” అన్నాను.

“మరి ఎల్లాగ?”

ఎల్లాగో చెప్పడానికి నాకు గంట పట్టింది. వాడికి చెప్పినదే, చెప్పనిది కూడా కలిపి, ఇక్కడ రాస్తున్నాను.

పిడుగు మీద మనకు పాత పగ ఒకటి ఉంది గనక దాన్ని ఎవరో పైనుంచి గురి చూసి వేస్తారనుకుంటాం. నిజానికి పిడుగంత గుడ్డిది మరొకటి లేదు. మేఘం అడుగున కూడిన ఋణవిద్యుత్తు అంచెలంచెలుగా కిందికి దిగుతుంది. ఒక్కొక్క అంచె సుమారు 50 మీటర్లు. ఒక అంచె దిగి, రవ్వంత ఆగి, అటో ఇటో తడుముకుని, మరో అంచె దిగుతుంది. గుడ్డివాడు కర్ర ఆనించుకుంటూ కొత్త ఊళ్లో నడిచినట్టన్న మాట. మీ మేడ, నా తాటిచెట్టు, వాళ్ల గుడి గోపురం అనే భేదం దానికి చివరి కొన్ని పదుల మీటర్ల దాకా తెలియదు. అంత దగ్గరికి వచ్చాక, కింద నిక్కి చూస్తున్న వస్తువుల కొసల నుంచి సన్నని విద్యుత్పాయలు పైకి లేస్తాయి. ఏ పాయ ముందుగా పైదానితో చేయి కలిపితే పిడుగు దాని సొమ్ము. కలిసిన ఉత్తరక్షణంలో ముప్ఫై వేల ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు లక్షకు పైగా, ఆ దారిన ప్రవహిస్తాయి. ఆ దారిలో గాలి సూర్యబింబం ఉపరితలానికి అయిదు రెట్లు వేడెక్కుతుంది. అల్లా వేడెక్కిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చేసే మోతే ఉరుము.

ఇప్పుడు ఆ ముప్ఫై వేల ఆంపియర్లు సబ్‌స్టేషనులో బస్‌బారు మీద తిన్నగా పడ్డాయనుకోండి. సగం అటూ సగం ఇటూ పరుగెడతాయి. తీగ ఆ పరుగుకు చూపే అడ్డు సుమారు 300 ఓములు. పదిహేను వేలను మూడు వందలతో హెచ్చవేస్తే 45 లక్షల వోల్టులు. 132 కె.వి. సబ్‌స్టేషనులో సామాను ఇల్లాంటి పోటుకు ఓర్చుకునేట్టు చేసేది ఆరున్నర లక్షల దాకా. తక్కిన లెక్క చెప్పనక్కర లేదు.

అందుకని యార్డు మీద పందిరి వేస్తాము. ఎత్తయిన ఉక్కు స్తంభాలు నిలబెట్టి, వాటి కొసలకు మొనదేలిన కడ్డీలు బిగించి, స్తంభానికీ స్తంభానికీ నడుమ గాల్వనైజ్డ్ ఉక్కు తీగలు లాగుతాము. ఆ తీగల్లో కరెంటు ఉండదు. వాటిని తెచ్చి భూమిలో పాతిన ఇనుప పట్టీల వలకు కలుపుతాము. పిడుగు పడకుండా చెయ్యడానికి కాదు ఇదంతా, పడితే అక్కడ పడమని చెప్పడానికి. పెళ్లివారిని ఊరి పొలిమేరలోనే ఎదుర్కొని, మర్యాద చేసి, తిన్నగా విడిదికి తీసుకుపోతామే, అల్లాగ. ఇంట్లోకి రానిస్తే ఇల్లు పట్టదు.

చాలామంది చదువుకున్నవారు కూడా ఇక్కడ పొరబడతారు. “మీకు లైటెనింగ్ అరెస్టర్లు ఉన్నాయి గదండీ!” అంటారు. ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు పక్కన పింగాణీ చెంబులు బోర్లించి పేర్చినట్టు నిలబడి ఉంటాయి. ఎక్కడో దూరాన లైను మీద పిడుగు పడితే, తీగ వెంట పరుగెత్తుకొచ్చే పోటును నేలకు దింపడం వాటి పని. నెత్తిన పడేదానికి అవి చాలవు. దానికి స్తంభాలు, పందిరి తీగలు ఉండవలసిందే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటే మా దగ్గర కుదరదు.

ఈ కడ్డీ కథ 1752లో మొదలయింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందే ఆ ఏడాది మే నెల 10వ తేదీన, ప్యారిస్ దగ్గర మార్లీ అనే పల్లెలో, ఆయన రాసిన పుస్తకం చూసి దాలిబార్ అనే పెద్దమనిషి నలభై అడుగుల ఇనుప కడ్డీ నిలబెట్టించాడు. తీరా మబ్బు పట్టినవేళ దొరగారు ఊళ్లో లేరు. కడ్డీకి కాపలా ఉన్న కోఫియే అనే రిటైరయిన సిపాయి సీసా పుచ్చుకుని వెళ్లి మొట్టమొదటి నిప్పురవ్వ రాబట్టాడు. మేఘంలోది విద్యుత్తే అని లోకంలో మొదట చేత్తో తెలుసుకున్నవాడు ఆ కాపలావాడు. పేరు దొరగారికి వచ్చింది. మరుసటేడు సెంటు పీటర్సుబర్గులో రిక్‌మన్ అనే ప్రొఫెసరు అల్లాటి కడ్డీనే ఇంట్లోకి తెచ్చుకున్నాడు గాని, దాన్ని నేలకు కలపలేదు. పిడుగు కడ్డీ వెంట వచ్చి ఆయన నుదుటిని కొట్టింది. అక్కడికక్కడే పోయాడు. పక్కనున్న బొమ్మలు చెక్కే అతను స్పృహ తప్పి బతికాడు. కాపలావాళ్లూ పక్కనున్నవాళ్లూ అనే మాట వచ్చింది గనక ఇక నా కథకు వస్తాను.

1978. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఉత్తరాంధ్రలో ఒక 132 కె.వి. సబ్‌స్టేషను. ఊరి పేరు అనవసరం. ఎర్రనేల, చుట్టూ జీడితోటలు, తాటిచెట్లు, దూరాన కొండలు. అక్కడ మేస్త్రి ఒకాయన ఉండేవాడు. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు వస్తున్న రోజుల్లో లైను పనిలో ఖలాసీగా చేరినవాడు. అక్షరం ముక్క రాదు, సంతకం వచ్చు. టవరెక్కితే ఉడత. వయస్సు యాభై దాటినా వేసవికాలం సాయంత్రం పూట మరెవరికీ అప్పగించకుండా, తనే బిందె పుచ్చుకుని ఎర్తు గుంతలన్నిటిలోనూ నీళ్లు పోసేవాడు. బొగ్గూ ఉప్పూ వేసి పాతిన గొట్టాల చుట్టూ మట్టి ఎండిపోతే నేల కరెంటును పుచ్చుకోదు. ఈ సూత్రం నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆయన గుంతలో నీళ్లు పోసి, అవి ఎంతసేపటిలో ఇంకాయో చూసి, “ఇయ్యాల నేలతల్లికి దాహంగున్నాది బాబూ,” అనేవాడు. పెద్ద సబ్‌స్టేషనుకు భూమి నిరోధం ఒక ఓముకు లోపుండాలి. ఆయన నీళ్లు పోసినన్నాళ్లూ మా మీటరు ఎన్నడూ అంతకు మించి చూపలేదు.

ఆ ఏడు యార్డును పొడిగించి కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టమని ఉత్తర్వు వచ్చింది. పై ఆఫీసు నుంచి పటం వచ్చింది. పటం ప్రకారం కొత్త సామానంతా మూలనున్న స్తంభానికి పది మీటర్ల లోపు రావాలి. తీరా పునాది తవ్వబోతే అక్కడ నల్లరాతి బండ తగిలింది. పక్కన కరెంటు పారుతున్న యార్డు, మందు పెట్టి పేల్చడానికి వీల్లేదు. పునాదిని అవతలికి జరిపి, స్తంభం నుంచి పదహారు మీటర్ల దూరాన వేద్దామని నేను నిశ్చయించాను. “పిడుగు రక్షణ చూచుకొనవలెను” అని పై నుంచి ఒక్క వాక్యం వచ్చింది. చూచుకొనవలసినవాణ్ణి నేనే.

ఆ రోజుల్లో మాకు తెలిసిన పద్ధతి చాలా తేలిక. స్తంభం కొస నుంచి నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా నేలదాకా గీత గీయాలి. ఆ గీత చుట్టూ తిప్పితే ఒక గుడారం లాంటిది ఏర్పడుతుంది. ఆ గుడారం లోపలున్నది భద్రం. మా స్తంభం ఇరవై మీటర్లు. నలభై అయిదు డిగ్రీలంటే నేల మీద కూడా ఇరవై మీటర్లే. పదహారు ఇరవైలో పోతుంది. కాగితం మీద రాశాను, కింద సంతకం చేశాను, ఫైలులో పెట్టాను. పది నిమిషాల పని.

మేస్త్రి ఆ వేళ నేను దారం పట్టుకుని కొలుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. “ఏటి బాబూ, ఈ కొత్త సామాను ఆ గుంజ కాపుదల్లోకి వస్తాదేటి?” అన్నాడు.

గుడారం సంగతి చెప్పాను. ఇరవై, పదహారు కూడా చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. “అయితే మా సుట్టిల్లు లాగన్న మాట,” అన్నాడు. ఆ ప్రాంతంలో చుట్టిళ్లు మీరు చూసే ఉంటారు. గుండ్రని మట్టిగోడ, మీద తాటాకు కప్పు, నేలకు జానెడు ఎత్తున చూరు. “మా సుట్టింట్లో నడిమిన మనిసి నిలబడొచ్చును బాబూ. సూరుకాడ కూకోడమే. నిలబడితే బుర్ర కప్పు దాటి బయటికెల్లిపోతాది. ఈ సామాను పొడుగ్గున్నాది గదా?”

నేను నవ్వాను. చుట్టిల్లు వేరు, ఇది వేరు మేస్త్రీ అన్నాను. ఎందుకు వేరో మాత్రం చెప్పలేదు. చెప్పడానికేముంది గనక? అవి రెండూ ఒకటే. ఇరవై మీటర్లన్నది నేల దగ్గరి మాట. మా బస్‌బారు నేలకు ఎనిమిది మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున గుడారం వెడల్పు పన్నెండు మీటర్లే. పదహారు మీటర్ల దూరాన ఉన్న బస్‌బారు పాదాలు లోపలా, బుర్ర బయటా. అయిదో తరగతి పిల్లవాడు చేసే తీసివేత. ఆయన చూసి చెప్పాడు, నేను లెక్క వేసి తప్పాను.

మే నెలలో కొత్త ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు ఇచ్చాము. పై అధికారులు వచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు. రెండే పనులు మిగిలాయి. నూనె వడపోసే యంత్రం ఇంకా అక్కడే ఉంది. కొత్త భాగంలో నేల మీద కంకర పరవలేదు, బండ్లవాడు రేపు మాపు అంటున్నాడు. కంకర గడ్డి మొలవకుండా పోస్తారని చాలామంది అనుకుంటారు. అదీ నిజమే గాని అసలు కారణం వేరు. భూమిలోకి పెద్ద కరెంటు దిగినప్పుడు, అది దిగిన చోట వోల్టేజి ఎక్కువ, దూరం పోయే కొద్దీ తక్కువ. మనిషి ఒక అడుగు ముందూ ఒక అడుగు వెనకా వేసి నిలబడితే ఆ రెండు పాదాల మధ్య వందలు, వేల వోల్టుల తేడా ఉండవచ్చు. పాదం కింద నాలుగైదు అంగుళాల మేర కంకర ఉంటే కరెంటు ఒంట్లోకి ఎక్కడం కష్టం. పొలంలో పిడుగు పడ్డప్పుడు పాలేరు బతికి పశువు పోవడం మీరు వినే ఉంటారు. పశువు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం మన అడుగుకు రెట్టింపు. దాని గుండె ఆ దారిలోనే ఉంటుంది.

మూడోనాటి సాయంత్రం పడమట కొండల మీద నల్లగా కమ్మింది. దుమ్ము లేచింది. ఎక్కడో ఒక ఉరుము ఉరిమింది. కొండ అవతల అనుకున్నాను. అప్పటికి నాకు సెకండ్లు లెక్కపెట్టే అలవాటు లేదు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు అందే దూరంలో ఉన్నామన్న మాటేనని తెలియకపోలేదు గాని, తెలిసినదంతా జ్ఞాపకం రావద్దూ! కిటికీలోంచి చూస్తే నూనె యంత్రం మీది టార్పాలిను గాలికి లేచి కొట్టుకుంటోంది. నూనెలో చుక్క నీరు పడితే వారం రోజుల పని మళ్లీ మొదటికి వస్తుంది.

“మేస్త్రీ, ఆ పరదా ఒకసారి కట్టేసి రండి,” అన్నాను.

ఆయన తలపాగా బిగించుకుని వెళ్లాడు. వెళ్లేముందు గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి ఆకాశం చూశాడు. నన్ను చూడలేదు.

తరవాతిది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కిటికీ తెల్లబడింది. అదే క్షణంలో చప్పుడు. రిలేలు టపటపా పడ్డాయి, బ్రేకర్లు విడిపోయాయి, గదిలో దీపాలు పోయాయి. బాటరీ దీపం వెలిగేసరికి నేను బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాను. బయటికి పరుగెత్తాను. కొత్త బస్‌బారుకు వేలాడే ఇన్సులేటరు బిళ్లలు నాలుగు పగిలి కింద పడి ఉన్నాయి. పింగాణీ కాలిన వాసన. యంత్రానికి పది అడుగుల దూరాన మేస్త్రి వెల్లకిలా పడి ఉన్నాడు. పరదా తాడు ఒక కొస ఇంకా చేతిలోనే ఉంది.

బతికాడు. ఊపిరి అందక కొట్టుకుంటుంటే మా ఆపరేటరు గుండె మీద ఒత్తి, నోట్లోకి గాలి ఊది నిలబెట్టాడు. మా ఉద్యోగంలో అందరికీ నేర్పే విద్య అది. నేర్చుకున్నప్పుడు అందరమూ నవ్వుకుంటాము. పిడుగు తగిలినవాణ్ణి ముట్టుకుంటే షాకు కొడుతుందని జనం దూరంగా నిలబడిపోతారు గాని, అది అబద్ధం. ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి కూడా. మేస్త్రికి ఎడమ అరికాలు కాలింది. కుడి చెవి కర్ణభేరి చిరిగిపోయింది. ఆ చెవి మళ్లీ వినబడలేదు. ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రం ఏమీ కాలేదు, పక్కనున్న అరెస్టరు కాపాడింది. మర్నాడు దాని సంగతే అందరూ ఆనందంగా చెప్పుకున్నారు.

ఆ రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చి, లాంతరు ముందు కూర్చుని బొమ్మ మళ్లీ గీశాను. ఈసారి బస్‌బారు ఎత్తు కూడా వేశాను. పన్నెండు. పదహారు. ఎన్నిసార్లు గీసినా అంతే.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. మంచివాడు. యార్డంతా తిరిగాడు. తీగ మీద రెండు పేటలు కరిగిన చోటు చూశాడు, మసి బారిన బిళ్లలు చూశాడు. “స్తంభం కాపుదల సరిచూశారా?” అని అడిగాడు. ఫైలు అందించాను. నా కాగితం చూశాడు. పదహారు, ఇరవై, సంతకం. ఆయన కూడా ఆ ఎత్తు సంగతి గమనించలేదు, లేదా గమనించనట్టు ఊరుకున్నాడు. “ప్రకృతి వైపరీత్యం” అని రాసి వెళ్లిపోయాడు. నేను నోరు విప్పలేదు. కొత్తగా పెళ్లయింది, ఉద్యోగం ఇంకా గట్టిపడలేదు, ఇల్లాంటి కారణాలు మనిషికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మూడు నెలల్లో “ముందుజాగ్రత్తగా” ఆ మూల మరో స్తంభం మంజూరు చేయించాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

వైపరీత్యమన్న ఆ ఒక్కమాట వల్ల మేస్త్రికి ఏమయిందో నాకు జీతాల పట్టీ వచ్చినప్పుడు తెలిసింది. పొరపాటు వల్ల తగిలిన దెబ్బ అని రాసి ఉంటే ఆ ఆసుపత్రి రోజులు డ్యూటీ కింద కట్టేవారు. దేవుడు కొట్టాడన్నారు గనక సొంత సెలవులోంచి కోశారు. ఆయన పేరుకు ఎదురుగా 41 రోజులు కోత పడింది. నేను ఆ పట్టీ మీద కూడా సంతకం చేశాను.

ఇక్కడ మా మనవడు అడ్డు తగిలి, “మీ గుడారం పద్ధతి ఇప్పుడెవరు వాడుతున్నారు తాతయ్యా, ఇప్పుడంతా గోళం గదా,” అన్నాడు. నిజమే. అదికూడా చెప్పేస్తాను. 1941లో అమెరికాలో వాగ్నరు మొదలైనవారు చిన్న చిన్న నమూనాలు చేసి, ప్రయోగశాలలో కృత్రిమ పిడుగులు వేసి చూశారు. వెయ్యింట ఒకటి మించి తప్పించుకోకుండా స్తంభం ఎంత ఎత్తుండాలో పట్టికలు వేశారు. 1950లలో అక్కడే కొత్తగా కట్టిన పెద్ద లైన్ల మీద, లెక్కప్రకారం పడకూడని చోట పిడుగులు పడ్డాయి. ఎందుకా అని తవ్వి చూస్తే ఒక తమాషా సంగతి బయటపడింది. పెద్ద పిడుగుకు చెయ్యి పొడుగు. దూరం నుంచే ఎత్తయిన స్తంభాన్ని పట్టుకుంటుంది. చిన్న పిడుగు బాగా కిందికి దిగేదాకా ఎవరినీ పట్టించుకోదు. అందువల్ల స్తంభం పక్కనుంచి సందు చూసుకుని దూరిపోతుంది. పదివేల ఆంపియర్ల పిడుగుకు ఆ చెయ్యి సుమారు 36 మీటర్లు. అయిదు వేలదానికి 23 మీటర్లే. మరీ చిన్నదైతే ఇన్సులేటరే ఓర్చుకుంటుంది, బెంగలేదు. ఓర్చుకోగల హద్దు ఎంతో కట్టి, ఆ పిడుగు చెయ్యి పొడుగును వ్యాసార్ధంగా తీసుకుని, ఒక పెద్ద బంతిని యార్డు మీద దొర్లించినట్టు ఊహించాలి. బంతి స్తంభాలకూ పందిరి తీగలకూ తగిలి ఆగిపోయి, కిందనున్న సామానుకు ఎక్కడా తగలకపోతే భద్రం. 1970లలో రాల్ఫ్ లీ అనే ఆయన ఇళ్లకూ కార్ఖానాలకూ ఈ బంతి ఆట నేర్పాడు. తరవాత సబ్‌స్టేషన్లకూ వచ్చింది.

నేను రిటైరయ్యాక, తోచక, మా పాత యార్డు మీద కూడా ఆ బంతి దొర్లించి చూశాను. 132 కె.వి. సామానుకు బంతి వ్యాసార్ధం 22 మీటర్లు చిల్లర. ఇరవై మీటర్ల ఒంటి స్తంభం, ఎనిమిది మీటర్ల ఎత్తున బస్‌బారు. పన్నెండు మీటర్లు కూడా కాదు, కాపుదల అయిదు మీటర్లే వచ్చింది! అంటే పై ఆఫీసు పటం ప్రకారం పది మీటర్ల దూరాన కట్టి ఉన్నా పూర్తి భద్రం కాదన్న మాట. ఈ లెక్క చేతికి వచ్చిన రోజున నాకు కాస్త ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ, “ఆయన్ని బయటికి పంపించినది బంతి కాదు గదా,” అంది.

మేస్త్రి 1982లో రిటైరయ్యాడు. 1984లో నేను ఆ దారిన పోతూ ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఊరి చివర చుట్టిల్లు. వంగి లోపలికి వెళ్లబోతూ చూరుకు నుదురు కొట్టుకున్నాను. “సూసుకోవాలి బాబూ,” అంటూ వచ్చి చెయ్యి పుచ్చుకున్నాడు. కూర్చోబెట్టి, ముంజెలు తెప్పించి, తన ఎడమ చెవి నావైపు వచ్చేటట్టు పీట జరుపుకున్నాడు.

ఆ పీట జరుపుకోవడం చూశాక ఇక ఊరుకోలేకపోయాను. అంతా చెప్పాను. పన్నెండు, పదహారు, ఇరవై. కాగితం. విచారణ. ఆయన మధ్యలో ఒక్క మాట అనలేదు.

“కొత్త గుంజ ఏసిన దినమే నాకు తెలిసింది బాబూ,” అన్నాడు చివరికి. “తప్పు లేకపోతే గుంజెందుకు?”

నాకు మాట రాలేదు.

“గుంజ ఏయించినారు, బాగున్నాది. మరి నా సెలవు మాట ఎవరికైనా రాసినారేటి?”

రాయలేదు. ఆరేళ్లలో ఆ ఆలోచనే నాకు తట్టలేదు. చెవి పోయినందుకు బాధపడ్డాను, సంతకానికి సిగ్గుపడ్డాను, ఆ 41 రోజులూ జ్ఞాపకమే లేవు. ఆయనకు జ్ఞాపకం ఉన్నవి అవే. రిటైరయ్యేటప్పుడు మిగిలిన సెలవుకు జీతం కట్టి ఇస్తారు. కూతురి పెళ్లి ఆ డబ్బుతోనే చేద్దామనుకున్నాడట. తక్కువ పడితే రెండు మేకలు అమ్మాడు.

తిరిగి వెళ్లిన రోజే రాశాను. నా లెక్క తప్పు, ప్రమాదం నా పొరపాటు వల్ల జరిగింది, మేస్త్రి సెలవు డ్యూటీగా మార్చవలసింది అని. బొమ్మ కూడా జతపరిచాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఫైలు నాలుగు బల్లల మీద ఏడాదిన్నర తిరిగింది. ఒకరు విచారణ నివేదిక తెమ్మన్నారు, ఒకరు జీతాల పట్టీ నకలు తెమ్మన్నారు. ఆఖరున ఒక కార్డు ముక్క వచ్చింది. కోరిక కాలాతీతమైనందున పరిశీలించుటకు వీలులేదు అని. నా పొరపాటును గురించి అందులో ఒక్క అక్షరం లేదు.

ఆ డబ్బు నేనిస్తానని కార్డుతో సహా మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాను. పుచ్చుకోలేదు. “మీ డబ్బు నాకెందుకు బాబూ? నా సెలవు నాకిమ్మన్నాను,” అన్నాడు. ఆ తరవాత చాలాసేపు మేకల గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నాం. నేను లేచేసరికి సాయంత్రమయింది. వాకిట్లో దాకా వచ్చి, ఎడమ చెవి ముందుకు పెట్టి అడిగాడు.

“ఆ కొత్త గుంజ కాడ ఎర్తు గుంతలో నీల్లు పోయిస్తన్నారేటి?”

ఆ సబ్‌స్టేషను నుంచి నాకు బదిలీ అయి అప్పటికి నాలుగేళ్లు. కనుక్కుని చెబుతానన్నాను.